వీపు మాత్రమే కనిపించే మనిషి వెంట ఆరు రోజులు

నాన్న రాజమండ్రి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశారు. మా ఇంట్లో బీరువా తలుపు లోపలివైపు ఒక బొమ్మ అంటించి ఉండేది. ఏదో ఇంగ్లిష్ పత్రికలోంచి కత్తిరించిన కాగితం. కొండ కొమ్మున కోటు వేసుకున్న మనిషి, చేతిలో కర్ర, ఎదురుగా కనుచూపు మేర పొగమంచు. మొహం కనిపించదు, వీపు మాత్రమే. బొమ్మ కింద పేరున్న భాగం కత్తిరింపులో పోయింది. ఎవరు వేశారో నాన్నకీ తెలియదు. బీరువా తీసినప్పుడల్లా ఆ మనిషి అక్కడ ఉండేవాడు, అంతే.

నేను ఉద్యోగానికి బెర్లిన్ వచ్చిన మొదటి నెలలో ఒక పుస్తకాల షాపు అద్దంలో అదే బొమ్మ కనిపించింది. వెంటనే ఫొటో తీసి నాన్నకు పంపాను. చిత్రకారుడి పేరు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్. నిరుడు అక్టోబరులో నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఇద్దరం ఆరు రోజులు సెలవు పెట్టుకున్నట్టుగా ఆ చిత్రకారుడి వెంటే తిరిగాం. ఆ బొమ్మల్లోని చోట్లన్నీ కళ్లారా చూడాలన్నది నా ప్లాన్. నాన్న అడిగింది మాత్రం వేరు: "ఆ మంచు ఎలా వేశాడో దగ్గర్నుంచి చూడాలమ్మా."

మొదటి రోజు, బుధవారం: బెర్లిన్

మ్యూజియం ఐలాండ్‌లోని ఆల్టె నాట్సియోనాల్‌గ్యాలరీ పై అంతస్తులో ఫ్రీడ్రిష్ బొమ్మలకు ఒక పెద్ద గది ఉంది. అందులో 'సముద్రం దగ్గర సన్యాసి', 'ఓక్ తోపులో మఠం' పక్కపక్కనే వేలాడుతుంటాయి. 1810లో బెర్లిన్ అకాడమీ ప్రదర్శనకు ఈ రెండూ జంటగా వచ్చాయి. పదిహేనేళ్ల యువరాజు పట్టుబడితే ప్రష్యా రాజు రెండింటినీ కొన్నాడు.

సన్యాసి బొమ్మ వెడల్పు మీటరున్నర దాటుతుంది. కింద కాస్త ఇసుక, దాని మీద సన్నటి నల్లటి సముద్రం, మిగతాదంతా ఆకాశం. నాలుగింట మూడు వంతులకు పైగా ఆకాశమే. ఇసుక మీద వేలెడంత మనిషి, మనకు వీపు పెట్టి. పక్కన చెట్టు లేదు, చూపు ఆనడానికి ఇంకేమీ లేదు. దీన్ని చూస్తుంటే కనురెప్పలు కోసేసినట్టుందని కవి క్లైస్ట్ ఆ రోజుల్లోనే రాశాడు. నాకు ఆ మాట అతిగా అనిపించేది. బొమ్మ ముందు నిలబడ్డాక అనిపించలేదు.

ఈ రెండు బొమ్మల్నీ 2013 నుంచి 2016 దాకా శుభ్రం చేసి బాగుచేశారు. అప్పుడు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో రంగుల కింద చూస్తే, సముద్రం మీద ఓడలు గీసి ఉన్నాయట. ముందు ఓడలు గీసుకుని తర్వాత వద్దనుకున్నాడు. ఈ సంగతి చెప్పగానే నాన్న మళ్లీ బొమ్మ దగ్గరికి వెళ్లి, సముద్రం వైపే చాలాసేపు చూశారు. "పిల్లలకి నేను ముప్పై ఏళ్లు చెప్పింది ఇదే. ఖాళీ కనిపిస్తే భయపడి ఏదో ఒకటి పెట్టెయ్యొద్దని. ఈయన పెట్టి మరీ తీసేశాడు, చూడు."

మంచు సంగతి కూడా నాన్నకు అక్కడే కొంత తెలిసింది. కుంచె గుర్తులు ఎక్కడా లేవు. చాలా పల్చటి రంగు, పూత మీద పూత, ఒకటి ఆరాక ఇంకొకటి. అడుగున ఉన్న తెల్లటి పూత పైరంగుల్లోంచి మెరుస్తుంది. ఆ వెలుగు పైన వేసిన రంగుది కాదు.

అదే గదిలో ఇంకో చిన్న బొమ్మ ఉంది, ఫ్రీడ్రిష్ మిత్రుడు కెర్స్టింగ్ వేసింది. తన పని గదిలో ఫ్రీడ్రిష్ ఈజిల్ ముందు నిలబడి ఉంటాడు. గోడలకు పని సామాన్లు తప్ప ఇంకేమీ లేవు. కిటికీ కింది సగం చెక్కలతో మూసేసి ఉంది, బయట వీధి కనిపించకుండా. లోకంలోని కొండల్నీ సముద్రాల్నీ వేసిన మనిషి ఇలా మూసుకుని పనిచేశాడా అనిపించింది. ఆ ప్రశ్న ఆరు రోజులూ నాతోనే ఉంది.

రెండో రోజు, గురువారం: గ్రైఫ్స్‌వాల్డ్

రీజనల్ రైల్లో ఉత్తరానికి సుమారు మూడు గంటలు. పులిహోర డబ్బా, ఫ్లాస్కులో టీ. కిటికీ బయట అంతా చదును నేల, కోసేసిన పొలాలు, గాలిమరలు. మా డెల్టాలాగే ఉందన్నారు నాన్న, కొబ్బరిచెట్లు ఒక్కటే తక్కువని.

ఫ్రీడ్రిష్ 1774 సెప్టెంబరు 5న ఇక్కడే పుట్టాడు. అప్పుడు ఈ ఊరు స్వీడన్ ఏలుబడిలో ఉంది. తండ్రి సబ్బులు, కొవ్వొత్తులు తయారుచేసేవాడు. పదిమంది పిల్లల్లో ఈయన ఆరోవాడు. ఆ ఇల్లు ఉన్న లాంగె వీధిలో ఇప్పుడు ఆయన పేరుతో చిన్న మ్యూజియం నడుస్తోంది. ఆ ఇంట్లో 1901లో మంటలు లేచి, కుటుంబం దగ్గర మిగిలిన ఆయన బొమ్మలు కొన్ని కాలిపోయాయి.

బాల్యం చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది. మరుసటి ఏడు అక్కచెల్లెళ్లలో ఒకరు పోయారు. పదమూడేళ్లప్పుడు, 1787 డిసెంబరులో, మంచు పెళ్లలు విరిగి తమ్ముడు క్రిస్టోఫర్ నీళ్లలో మునిగిపోయాడు. నీళ్లలో పడ్డ కాస్పర్‌ను కాపాడబోయి తమ్ముడు పోయాడని చెబుతారు. 1791లో అక్కచెల్లెళ్లలో ఇంకొకరు టైఫస్ జ్వరంతో పోయారు. ఆయన బొమ్మల్లో సమాధులు, ఎండిన చెట్లు ఎందుకన్ని ఉన్నాయని అడిగేవాళ్లకు ఇది సగం జవాబు మాత్రమే. అన్ని చావులు చూసిన వాళ్లందరూ అలా వేయలేదు కదా.

మధ్యాహ్నం బస్సెక్కి ఎల్డెనా వెళ్లాం. ఊరికి తూర్పున నాలుగైదు కిలోమీటర్లు. 1199లో సిస్టెర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు కట్టుకున్న మఠం అది, ఎర్ర ఇటుకలతో. తర్వాతి శతాబ్దాల్లో యుద్ధాలకు పాడుబడితే కోట గోడలకని, వేరే కట్టడాలకని ఇటుకలు ఊడదీసి పట్టుకుపోయారు. పడమటి గోడ మాత్రం, నడుమ ఎత్తయిన ఖాళీ కిటికీతో, ఇంకా నిలబడి ఉంది. నిన్న బెర్లిన్‌లో ఓక్ తోపు బొమ్మలో చూసిన కిటికీ ఇదే. అందులో మంచు, మోడు చెట్లు, శవపేటిక మోస్తున్న సన్యాసులు. ఇక్కడ పచ్చిక, బెంచీలు, కుక్కని తిప్పుతున్న ఒక పెద్దావిడ.

నాకు కొంచెం నిరాశ కలిగింది. ఎక్కడ నిలబడి వేశాడా అని గోడ చుట్టూ తిరిగాను. ఏ మూల నుంచీ బొమ్మ కుదరలేదు. నాన్న ఇటుకల దగ్గరే ఆగిపోయారు. ఒక్కో ఇటుక రంగు ఒక్కోలా ఉంది, కొన్ని వంకాయ రంగు, కొన్ని నారింజ.

సాయంత్రం ఊళ్లోని పొమెరేనియా మ్యూజియంలో చూసిన ఒక బొమ్మతో నా నిరాశకు కారణం తెలిసింది. అందులో ఎల్డెనా శిథిలాల వెనుక నీలం కొండల వరస ఉంది. పొద్దున్నుంచీ మేం తిరిగిన నేల అరచేతిలా చదునుగా ఉంది, కొండ మాట దేవుడెరుగు, గుట్ట కూడా లేదు. ఆ కొండలు రీజెన్‌గెబిర్గె, వందల కిలోమీటర్ల అవతల, ఇప్పటి చెక్, పోలండ్ సరిహద్దులో ఉన్నాయి. ఫ్రీడ్రిష్ 1810లో కెర్స్టింగ్‌తో కలిసి అక్కడ నడిచి స్కెచ్‌లు గీసుకున్నాడు. ఇరవై ఏళ్లు దాటాక ఆ కొండల్ని తెచ్చి తన ఊరి గోడ వెనుక పెట్టాడు.

"అయితే ఆయన చూసింది వేయలేదన్నమాట" అన్నాను.

"చూసిందే వేశాడమ్మా. ఒకేసారి చూడలేదు, అంతే" అన్నారు నాన్న.

మూడో రోజు, శుక్రవారం: రూగెన్ ద్వీపం

పొద్దున్నే స్ట్రాల్‌జుండ్‌లో రైలు మారి జాస్‌నిట్స్ చేరాం. అక్కడ సముద్రపు ఒడ్డునే సుద్ద కొండలు మొదలవుతాయి. సుమారు ఏడు కోట్ల ఏళ్ల కిందటి సముద్రంలో బతికిన కంటికి కనపడని జీవుల గుల్లలు అడుగున పేరుకుని ఈ తెల్లటి రాయి అయింది. మధ్యమధ్యలో నల్లటి చెకుముకి రాళ్ల వరసలు.

ఊరి బీచ్‌లో నాన్న ఒక నల్ల రాయి తీసుకుని, దాని మీద సుద్ద ముక్కతో ఒక గీత గీశారు. బళ్లో బోర్డు మీద మొదటి గీత గీసినట్టే, చెయ్యి వణక్కుండా, ఒకే లాగుడు. రిటైరయ్యాక కంటికి శుక్లాల ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆయన బొమ్మ వేయడం నేను చూడలేదు. నేనేమీ అనలేదు.

బస్సులో కోనిగ్స్‌టూల్ వెళ్లాం. 118 మీటర్ల ఎత్తున్న కొండ, కింద సముద్రం. చుట్టూ బీచ్ అనే జాతి చెట్ల అడవి, ఆకులు పసుపు తిరుగుతున్నాయి. ఈ అడవిని యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఫ్రీడ్రిష్ 1818 జనవరిలో కరోలినె బొమర్‌ను పెళ్లి చేసుకున్నాడు. అప్పటికి ఆయనకు నలభై మూడేళ్లు. ఆ వేసవిలో భార్యను తీసుకుని తన ఊరికి, ఈ ద్వీపానికి వచ్చాడు. ఆ తర్వాత వేసిందే 'రూగెన్ సుద్ద కొండలు'. రెండు చెట్ల కొమ్మల మధ్య నుంచి తెల్లటి కొండ, లోతుగా నీలం సముద్రం, దూరంగా రెండు తెరచాపలు. ఎర్ర గౌను వేసుకున్న ఆవిడ కొమ్మ పట్టుకుని కిందికి వేలు చూపిస్తుంది. ఒకాయన టోపీ పక్కన పడేసి నేల మీద బోర్లా పాకుతూ లోయలోకి తొంగి చూస్తాడు. ఇంకొకాయన చేతులు కట్టుకుని దూరాన్ని చూస్తాడు. ఇంత వెలుగున్న బొమ్మ ఆయన జీవితంలో అరుదు. అసలు బొమ్మ స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్‌లో ఉంది కాబట్టి మేం ఫోన్లోనే చూసుకున్నాం.

ఈ బొమ్మ చోటు విస్సోవర్ క్లింకెన్ అనే సుద్ద శిఖరాలని జనం చాలాకాలం నమ్మారు. ఆ శిఖరాలు 2005 ఫిబ్రవరి 24న విరిగి సముద్రంలో పడిపోయాయి. ఫ్రీడ్రిష్ కొండ పోయిందని చాలామంది బాధపడ్డారు. నిజానికి ఆయన కాలంలో వాటికి ఆ ఆకారమే లేదు. తర్వాత కోతకు గురై అలా తేలినవి. బొమ్మలోని కొండ ఈ తీరంలో వేర్వేరు చోట్ల గీసిన స్కెచ్‌ల నుంచి కూడదీసింది.

మధ్యాహ్నం నాలుగింటికి సముద్రం మీంచి మంచు లేచి తెల్ల కొండ, తెల్ల ఆకాశం కలిసిపోయాయి. నాన్న రెయిలింగ్ పట్టుకుని "ఇదీ, ఇదీ" అన్నారు. ఫొటో తీయబోతే వద్దన్నారు.

నాలుగో రోజు, శనివారం: హాంబుర్గ్

మధ్యలో ఒక రైలు ఆలస్యమై, ఇంకో రైలు తప్పిపోయి, మ్యూజియం మూసేస్తారేమోనని టెన్షన్ పడ్డాను. కుంస్ట్‌హాలెలో అడుగుపెట్టేసరికి రెండు గంటలు మాత్రమే మిగిలాయి.

బీరువా తలుపు బొమ్మ ఇక్కడే ఉంది. 'పొగమంచు సముద్రం పైన పథికుడు', సుమారు 1817లో వేసింది. 95 సెంటీమీటర్ల ఎత్తు, 75 వెడల్పు. గోడంత ఉంటుందనుకున్నాను. నాన్న ముందు ఏమీ మాట్లాడలేదు. కళ్లద్దాలు తుడుచుకున్నారు. కోటు నల్లది కాదు, ముదురు ఆకుపచ్చ. మా కాగితం మీద అది ఎప్పుడో వెలిసిపోయింది.

"మొహం ఎందుకు వేయలేదని పిల్లలు అడిగేవారు నన్ను, ఆ కాగితం బడికి పట్టుకెళ్లినప్పుడు. నేను ఏదో చెప్పేవాడిని. ఇప్పుడు చెప్పమంటే, మొహం వేస్తే మనం ఆ మొహాన్ని చూస్తాం, మంచుని చూడం అంటాను."

మంచు దగ్గర ఆయన చాలాసేపు ఉన్నారు. తెలుపు ఒక్కటే కాదు, అందులో గులాబీ, బూడిద, నీలం ఉన్నాయని నాకు ఒక్కొక్కటీ చూపించారు.

నన్ను కదలనివ్వనిది మాత్రం పక్కనున్న 'మంచు సముద్రం', 1823–24లో వేసింది. పలకలు పలకలుగా విరిగిన మంచు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి కొండలా లేచింది. కుడివైపు, చూడగా చూడగా కనిపించేంత చిన్నగా, నలిగిపోయిన ఓడ వెనుక భాగం. ఉత్తర ధ్రువం వైపు ఇంగ్లిష్ నావికుడు ప్యారీ చేసిన యాత్రల వార్తలు అప్పట్లో యూరప్ అంతా చదివేవారు. ఫ్రీడ్రిష్ ఎప్పుడూ ఆర్కిటిక్ వెళ్లలేదు. 1820–21 చలికాలంలో డ్రెస్డెన్‌లో ఎల్బె నది గడ్డకట్టి పెళ్లలు విరిగితే, ఒడ్డున నిలబడి రంగుల్లో స్టడీలు వేసుకున్నాడు. అవి కూడా ఈ మ్యూజియం దగ్గరే ఉన్నాయి. తన వీధి చివరి నదిలోని మంచుముక్కల్ని ధ్రువసముద్రం చేశాడు. తమ్ముడిని మింగింది కూడా మంచే. ఆ ముక్కల అంచులు గీస్తున్నప్పుడు ఆ చేతికి ఏం గుర్తొచ్చి ఉంటుందోనని అక్కడ నిలబడి అనుకోకుండా ఉండలేకపోయాను.

ఆయన బతికుండగా ఈ బొమ్మ అమ్ముడుపోలేదు. పోయాక తోటి చిత్రకారుడు, నార్వేకు చెందిన డాల్ కొని దాచాడు.

ఐదో రోజు, ఆదివారం: డ్రెస్డెన్

ఫ్రీడ్రిష్ 1798లో ఈ ఊరొచ్చి, నలభై రెండేళ్లు ఇక్కడే బతికి ఇక్కడే పోయాడు. నది ఒడ్డున ఆయన ఇల్లు ఇప్పుడు లేదు. ఆ ఇంట్లోనే ఇంకో అంతస్తులో డాల్ కుటుంబం ఉండేది.

ఆల్బర్టీనుం మ్యూజియంలో 'కొండ మీద శిలువ' ఉంది. చర్చి పీఠం మీద పెట్టే బొమ్మలా బంగారు ఫ్రేముతో చేసి, అందులో కొండ, చెట్లు, అస్తమించే వెలుగు వేశాడు. ప్రకృతి దృశ్యం పూజాపీఠం మీదికి పాకుతోందని రామ్‌డోర్ అనే విమర్శకుడు 1809లో మండిపడ్డాడు. స్నేహితులు పత్రికల్లో జవాబులిచ్చారు. ఫ్రీడ్రిష్ పేరు ఊరు దాటింది ఆ గొడవతోనే.

'చంద్రుణ్ని చూస్తున్న ఇద్దరు' బొమ్మ ఒక నోట్‌బుక్కు కన్నా కొంచెం పెద్దది. ఇద్దరికీ పాతకాలపు జర్మన్ దుస్తులు. 1819 తర్వాత ఆ దుస్తులు తిరుగుబాటు గుర్తని పాలకులు నిషేధించారు. ఎవరో వచ్చి వీళ్లేం చేస్తున్నారని అడిగితే, రాజద్రోహపు కుట్రలు పన్నుతున్నారని ఫ్రీడ్రిష్ జవాబిచ్చాడట. నెపోలియన్ పోతే స్వేచ్ఛ వస్తుందని ఆశపడ్డవాడు. అది రాలేదు.

చివరి ఏళ్లు కష్టంగా గడిచాయి. 1824లో అకాడమీలో ప్రకృతి చిత్రణ నేర్పే పదవి ఖాళీ అయితే ఆయనకు ఇవ్వలేదు. అభిరుచులు మారి కొనేవాళ్లు తగ్గారు. 1835 జూన్‌లో పక్షవాతం వచ్చాక నూనెరంగులు దాదాపు వదిలేసి, చిన్న కాగితాల మీద నీటిరంగులు, సెపియా అనే గోధుమరంగు సిరాతో సరిపెట్టుకున్నాడు. 1840 మే 7న పోయాడు. తర్వాత అరవై ఏళ్లకు పైగా లోకం మర్చిపోయింది. నార్వే కళా చరిత్రకారుడు ఔబెర్ట్ ఆయన్ని వెతికి పట్టుకున్నాడు. 1906లో బెర్లిన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనతో మళ్లీ వెలుగులోకొచ్చాడు. ఆ తర్వాత నాజీలు తమ దేశభక్తి ప్రచారానికి ఆ బొమ్మల్ని వాడుకున్నారు. యుద్ధం అయ్యాక ఆ మరక పోవడానికి చాలా ఏళ్లు పట్టింది. 250వ పుట్టినరోజుకు, 2024లో, హాంబుర్గ్, బెర్లిన్, డ్రెస్డెన్ మూడు చోట్లా పెద్ద ప్రదర్శనలు జరిగాయి.

దీపాలు పెట్టే వేళకు ట్రినిటాటిస్ శ్మశానానికి వెళ్లాం. సాదా సమాధి. నాన్నకు దామెర్ల రామారావు గుర్తొచ్చారు. ముప్పై ఏళ్లయినా నిండకుండా 1925లో పోయిన మా ఊరి చిత్రకారుడు. ఏటా పిల్లల్ని ఆయన గ్యాలరీకి తీసుకెళ్లేవారు నాన్న. "మనవాళ్లలో ఎంతమంది చూశారమ్మా ఆ బొమ్మలు" అన్నారు. దారిలో రాలిన ఆకులు మాత్రమే దొరికితే అవే ఏరి సమాధి అంచున పెట్టారు.

ఆరో రోజు, సోమవారం: కైజర్‌క్రోనె

డ్రెస్డెన్ నుంచి లోకల్ రైలు ఎల్బె వెంబడే సాగి, చెక్ సరిహద్దు దగ్గర షోనా అనే చిన్న స్టేషన్లో దింపింది. 1813లో నెపోలియన్ యుద్ధం డ్రెస్డెన్‌ను కమ్మినప్పుడు ఫ్రీడ్రిష్ ఈ పక్కనే క్రిప్పెన్ అనే పల్లెలో తలదాచుకున్నాడు. అప్పుడు తిరిగి గీసిన స్కెచ్‌ల్లో ఒకటి ఇక్కడి కైజర్‌క్రోనె గుట్ట మీది రాయి. తేదీ కూడా ఉంది, జూన్ 3. నాలుగైదేళ్లకు ఆ రాయే పథికుడి కాళ్ల కింద వచ్చింది. వెనుక కొండలు వేరే చోట్ల నుంచి వచ్చాయి, ఒకటి ఇప్పటి చెక్ దేశంలోని రోజెన్‌బెర్గ్ అంటారు.

ఎక్కడానికి నాన్నకు గంటకు పైగా పట్టింది. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాం. రాయి నేను అనుకున్నంత ఎత్తులో లేదు, అగాధం అంచునా లేదు. కానీ చూడగానే ఆ పగుళ్లు, ఆ వంపు, పైన మెట్టులా తేలిన అంచు గుర్తుపట్టాను. ఒక్క పగులు కూడా ఆయన కల్పించలేదు. ఆకాశం నిర్మలంగా ఉంది, మంచు జాడే లేదు. దూరంగా పొలాల్లో ట్రాక్టర్ తిరుగుతోంది.

గ్రైఫ్స్‌వాల్డ్ మ్యూజియం షాపులో నాన్న ఒక చిన్న స్కెచ్ పుస్తకం, పెన్సిలు కొనుక్కున్నారని నాకు అప్పుడు తెలిసింది. కోటు జేబులోంచి తీసి, ఒక దుంగ మీద కూర్చుని, రాయి గీయడం మొదలుపెట్టారు. నేను ఫ్లాస్కులో టీ వంచి పక్కన పెట్టాను. చల్లారిపోయినా తాగలేదు. దాదాపు ముప్పావుగంట. ముందు అంచులు, తర్వాత పగుళ్లు, ఒక్కో పగులుకీ తలెత్తి చూస్తూ.

నేను వెళ్లి ఆ రాయి మీద నిలబడనా అని అడిగాను, బొమ్మలో మనిషి కావాలి కదా అని.

"వద్దమ్మా, ఇప్పుడు రాయి చాలు. మనిషిని ఇంటికెళ్లాక పెట్టుకుంటాను."

కాగితం కింది మూలన తేదీ వేసి, పుస్తకం మూసి, టీ అందుకున్నారు.